కడలి దారికి పోపులపెట్టె సొమ్ము

సముద్రానికి తలుపులు ఉండవు. ఇసుకకు గడియ ఉండదు. అయినా సముద్రం ఒడ్డున ఉండే ఊళ్లలోనే సముద్రం దగ్గరికి పోలేని జనం ఎందరో ఉంటారు. కారణం సముద్రం కాదు, దాని దాకా వెళ్లే దారి. నడిచే దారి మీద ఎవరైనా గేటు పెట్టేస్తే, అవతల ఎంత పెద్ద సముద్రం ఉన్నా మనకు లేనట్టే కదా!

ఈ దారి గురించి ఒక దేశంలో ఓటర్లు ఏం చేశారో చెప్పాలని ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. పురపాలక సంఘం, దాని విధులు, దాని ఆదాయ మార్గాలు అని పిల్లల చేత బట్టీ పట్టించినదాన్ని. కానీ పురపాలక సంఘం రాజ్యాంగాన్ని జనమే మార్చి రాసుకోవచ్చని, అందులో సముద్రం దారికి డబ్బు కేటాయించుకోవచ్చని హవాయి వెళ్లేదాకా నాకు తోచలేదు.

కాలిఫోర్నియాలో ఉండే మా అమ్మాయి, అల్లుడు నన్ను హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన దీవికి తీసుకెళ్లారు. దాని పేరు కూడా హవాయే. అందరూ బిగ్ ఐలాండ్ అంటారు. పడమటి ఒడ్డున కోనా అనే ఊరు. ఆ ఊరి నుంచి ఉత్తరంగా వెళ్తుంటే ఒక పక్క నల్లటి లావా రాళ్లు, ఇంకో పక్క పెద్దపెద్ద హోటళ్లు. సముద్రం హోటళ్లకు అవతల ఉంది.

"పబ్లిక్ యాక్సెస్" అని అడగండి

మేం అద్దెకు దిగిన ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉండేది. నర్సుగా చేసి రిటైరైంది. వాళ్ల తాతముత్తాతలు చెరకు తోటల్లో పని చేయడానికి జపాన్ నుంచి వచ్చారట. అక్కడ పెద్దవాళ్లను చుట్టరికం లేకపోయినా అందరూ "ఆంటీ" అని పిలుస్తారు, అచ్చం మనలాగే. మేమూ ఆంటీ అనే పిలిచాం.

ఒక హోటలు వెనకాల ఉన్న బీచ్ చాలా బాగుంటుందని విని బయల్దేరాం. గేటు దగ్గర కాపలా మనిషి మా కారు ఆపి, "మీకు ఇక్కడ గది ఉందా?" అన్నాడు. లేదన్నాం. అయితే కుదరదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెనక్కొచ్చేశాం. సాయంత్రం ఆ సంగతి చెబితే ఆంటీ నవ్వింది. "గది లేదని ఎందుకు చెప్పారు? పబ్లిక్ యాక్సెస్ కావాలని అడగాలి. అప్పుడు వాడు పాసు ఇచ్చి తీరాలి. పార్కింగ్ నిండితే నిండిందని చెప్పాలి. అంతేగానీ రావొద్దనడానికి వాడికి హక్కు లేదు" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ రెండు మాటలే అన్నాం. మారు మాట్లాడకుండా చిన్న కాగితం పాసు చేతికిచ్చాడు. లోపల హోటలు పక్కనుంచి సన్నటి బాట, దాని మొదట్లో సముద్రానికి దారి అని చెప్పే బోర్డు, చివర ఇసుక. పక్కనే స్నానానికి కుళాయి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా మరుగుదొడ్లు. హోటలు వాళ్లు దయతలచి ఇచ్చినవి కావు అవి. తీరం దగ్గర ఇలాంటి హోటళ్లు కట్టాలంటే అక్కడ కౌంటీ నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. మామూలు జనానికి దారి వదలాలి, ఇన్ని కార్లకు చోటివ్వాలి అని ఆ అనుమతిలోనే షరతులు రాస్తారు. అడగడం తెలిసినవాళ్లకు ఆ దారి దొరుకుతుంది. తెలియనివాళ్లు మొదటి రోజు మాలాగే వెనక్కొచ్చేస్తారు.

అల ఎంతదాకా వస్తే అంతదాకా

హవాయిలో బీచ్ ఎవరి సొంతమూ కాదు. ఈ మాట తేల్చింది అక్కడి సుప్రీంకోర్టు. 1968లో మొలొకాయి దీవిలోని ఒక భూమి సరిహద్దు విషయంలో తగాదా వచ్చింది. సముద్రం వైపు హద్దు ఎక్కడ అని ప్రశ్న. సర్వేయర్ల లెక్కలు ఒక గీత చూపించాయి. దాని ప్రకారం ఇసుకలో చాలా భాగం స్థలం యజమానికి పోతుంది. కోర్టు దానికి ఒప్పుకోలేదు. అలలు మామూలుగా ఎంత పైదాకా వస్తాయో అదే హద్దు అంది. దాన్ని గుర్తుపట్టడం ఎలా? మొక్కలు మొదలయ్యే చోటు చూడండి, అలలు తెచ్చి పడేసిన చెత్తాచెదారం వరస చూడండి అంది.

ఈ తీర్పులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్ల సాక్ష్యాన్ని కోర్టు తీసుకుంది. "మా చిన్నప్పటి నుంచి హద్దు అంటే ఇదే" అని స్థానికులు చెప్పిన మాటకు, కొలతల కాగితానికి మించిన విలువ ఇచ్చింది. మన ఊళ్లలో "మా అత్తగారి రోజుల నుంచి ఇటే నడిచేవాళ్లం" అనే మాటను ఏ ఆఫీసులో అయినా పట్టించుకుంటారా చెప్పండి!

హద్దు తేలినా కబ్జాలు ఆగలేదు. తీరం వెంబడి ఇళ్లున్న కొందరు మొక్కలు నాటడం మొదలుపెట్టారు. మొక్కలు ఎక్కడ మొదలైతే అక్కడ హద్దు కదా! నీళ్లు పోసి, పొదలు పెంచి, ఇసుక మీదికి జరుపుకొంటూ పోయారు. ప్రహరీగోడ కడితే నలుగురూ అడుగుతారు, పూలమొక్కలు పెడితే ఎవరడుగుతారు? చివరికి 2010లో చట్టం తెచ్చారు. తీరం వెంబడి జనం నడిచే దారికి మనుషులు పెంచిన పొదలు అడ్డొస్తే, ఆ పక్క ఇంటివాళ్లే వాటిని తొలగించాలి. మన పక్కన కాలువ గట్టు మీద అరటిచెట్లు నాటి, ఏడాది తిరిగేసరికి గట్టు మాదే అనే పెద్దమనుషులు గుర్తొచ్చారు నాకు.

విరిగిన తెడ్డు చెప్పిన ధర్మం

ఈ పట్టింపు వాళ్లకు కొత్తగా వచ్చింది కాదు. దీవులన్నిటినీ ఒక్కటి చేసిన కమెహమెహా రాజు గురించి అక్కడ చిన్నపిల్లలు కూడా ఒక కథ చెబుతారు. రాజు కుర్రతనంలో పూనా అనే తీరంలో జాలర్ల మీదికి దాడికి వెళ్లాడట. తరుముతుంటే లావా రాళ్ల సందులో కాలు ఇరుక్కుంది. ఒక జాలరి వెనక్కి తిరిగి తెడ్డుతో రాజు తల మీద కొట్టాడు. తెడ్డు ముక్కలైంది. తర్వాత ఆ జాలర్లను పట్టి తెస్తే, తప్పు నాదేనని రాజు వాళ్లను వదిలేశాడు. అంతేకాదు, 1797 ప్రాంతంలో ఒక శాసనం చేశాడు. వృద్ధులు, స్త్రీలు, పిల్లలు దారి పక్కన భయం లేకుండా పడుకోగలగాలి, వాళ్లకు ఎవరూ హాని చేయకూడదు. ఇదీ దాని సారం.

దాన్ని విరిగిన తెడ్డు శాసనం అంటారు. 1978లో హవాయి రాష్ట్ర రాజ్యాంగంలో దాన్ని చేర్చారు కూడా. ఒక ముసలావిడ నిశ్చింతగా దారి పక్కన కునుకు తీయగలిగితేనే అది రాజ్యం అన్నమాట. దారి అంటే నడవడానికే కాదు, భద్రంగా ఉండడానికి కూడా అని ఆ రాజుకు తెడ్డుదెబ్బ తిన్నాక తెలిసింది.

చిన్న రొయ్యలు, పెద్ద కేసు

కోనా దగ్గర్లోనే కోహనాయికి అనే తీరం ఉంది. అక్కడ లావా రాళ్ల మధ్య చిన్నచిన్న నీటి గుంటలు ఉంటాయి. వాటిలో దొరికే చిన్న రొయ్యల్ని స్థానికులు చేపలు పట్టడానికి వాడతారు. తరతరాల అలవాటు. ఒక జపాన్ కంపెనీ ఆ తీరంలో పెద్ద రిసార్టు కడతామని వచ్చింది. 1990లో కౌంటీ ప్రణాళికా సంఘం అనుమతి ఇచ్చేసింది. మా మాట వినండి అని అడిగిన స్థానికుల్ని పక్కన పెట్టింది. వాళ్లు ఊరుకోలేదు. సంఘంగా ఏర్పడి కోర్టుకెక్కారు.

1995లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. భూమి ఎవరి పేరున ఉన్నా, అక్కడి ఆదివాసులు ఆచారంగా చేసుకునే సేకరణ హక్కులు అలా ఊరికే చెరిగిపోవు, అనుమతి ఇచ్చేటప్పుడు కౌంటీ వాటిని లెక్కలోకి తీసుకోవాలి అంది. ఇప్పుడు ఆ తీరంలో జనం వెళ్లే పార్కు ఉంది. ఆంటీ మమ్మల్ని అక్కడికి కూడా తీసుకెళ్లింది. ఒక కుటుంబం చాప పరుచుకుని అన్నం డబ్బాలు విప్పుతోంది. అమ్మమ్మ మనవణ్ణి నీళ్ల దగ్గరకు పోనివ్వకుండా చొక్కా పట్టుకుని కూర్చుంది. మన ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం కనిపించే బొమ్మే అది.

హక్కు సరే, దారి కొనేదెవరు?

ఇక్కడికి కథ అయిపోయిందనుకున్నాను నేను. బీచ్ అందరిదీ అని కోర్టు చెప్పింది, అడ్డుకోకూడదని చట్టం చెప్పింది. ఇంకేం కావాలి? ఆంటీ ఒక్క ప్రశ్న వేసింది. "రోడ్డుకీ ఇసుకకీ మధ్య ఉన్న స్థలం ఒకరి సొంతమైతే, నువ్వు ఎగిరి వెళ్తావా?"

నిజమే! ఇసుక అందరిదే, మధ్యలో స్థలం వాడిది. అలాంటిచోట్ల జనం కోసం దారి కొనాల్సిన బాధ్యత కౌంటీలదని 1974లోనే హవాయి రాష్ట్రం చట్టం చేసింది. కానీ కొనాలంటే డబ్బు కావాలి. కౌంటీ బడ్జెట్‌లో రోడ్లు, చెత్త, పోలీసులు, అగ్నిమాపక దళం అన్నీ అయ్యాక మిగిలితే కదా సముద్రం దారి! ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది అమ్మ తిన్నట్టు, ఈ పద్దుకు ఎప్పుడూ మిగిలిందే దిక్కు. భూమి ధర మాత్రం ఏడాదికేడాది పెరుగుతూ ఉంటుంది.

ఇక్కడే చార్టర్ వస్తుంది. చార్టర్ అంటే స్థానిక ప్రభుత్వానికి రాజ్యాంగం లాంటిది. హవాయిలో మనలాగా పంచాయతీ, మునిసిపాలిటీ, జిల్లా పరిషత్తు అని వేరువేరుగా లేవు. కౌంటీయే అన్నీ. మేయరు ఎవరు, కౌన్సిలు ఎలా ఉండాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి అనేది చార్టర్‌లో రాసుంటుంది. దాన్ని మార్చాలంటే కౌన్సిలు చెయ్యెత్తితే చాలదు. జనం ఓటు వేసి ఒప్పుకోవాలి. పదేళ్లకోసారి ఒక సంఘాన్ని వేసి, చార్టర్ మొత్తం చదివి, ఏం మార్చాలో జనాన్ని అడిగే పద్ధతి కూడా ఉంది.

ఈ తలుపు మొదట తెరిచినవాళ్లలో కవాయి దీవి వాళ్లున్నారు. 2002లో అక్కడి ఓటర్లు చార్టర్ సవరణకు ఒప్పుకున్నారు. ఇంటిపన్ను, స్థలంపన్ను వసూళ్లలో కనీసం అర శాతం తీసి, తీరానికి దారులు, ఖాళీ స్థలాలు, ప్రకృతి వనరులు కాపాడే నిధిలో వేయాలి. అంటే పన్ను 100 రూపాయలు వస్తే 50 పైసలు. చాలా చిన్న మొత్తం. కానీ ప్రతి ఏడూ తప్పకుండా పడే మొత్తం.

నాకు వెంటనే మా అమ్మ పోపులపెట్టె గుర్తొచ్చింది. నాన్న జీతం రాగానే ముందు అందులో ఒక నోటు పడేది. తర్వాతే పాలవాడు, కిరాణా కొట్టు. మిగిలితే దాచుకుందాం అనుకుంటే ఎప్పటికీ మిగలదని అమ్మకు తెలుసు. ముందే తీసి పక్కన పెట్టాలి. కవాయి వాళ్లు చేసిందీ అదే.

చట్టం చేశారు... ఆపేశారు... మళ్లీ రాశారు

అసలు కథ బిగ్ ఐలాండ్‌లో జరిగింది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 2 లక్షల మంది. అంటే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ అంత. 2006లో ఊళ్లోవాళ్లే సంతకాలు సేకరించారు. ఆస్తిపన్నులో 2 శాతం నిధిగా పక్కన పెట్టాలి అని చట్టం రాసి, ఎన్నికల్లో దాన్నే ప్రశ్నగా పెట్టించారు. ఓటర్లు అవును అన్నారు. మా ఆంటీ కూడా అప్పుడు సంతకాలు సేకరించిందట. ఆసుపత్రిలో డ్యూటీ దిగగానే యూనిఫాంలోనే సూపర్‌మార్కెట్ బయట నిలబడేదాన్ని అని చెప్పింది. "ఆడవాళ్లు ఆగి వినేవాళ్లు. పిల్లల్ని ఆడించడానికి డబ్బు ఖర్చు లేని చోటు బీచ్ ఒక్కటే కదా" అంది.

ఇంతవరకు బాగానే ఉంది. 2008లో ఆర్థిక మాంద్యం వచ్చింది. కౌంటీకి ఆదాయం తగ్గింది. 2009లో కౌన్సిలు ఈ నిధికి డబ్బు జమచేయడం రెండేళ్ల పాటు ఆపేసింది. జనం ఓటు వేసి చేసుకున్న చట్టమే. అయినా చట్టం కాబట్టి, కౌన్సిలు మరో చట్టంతో దాన్ని పక్కన పెట్టగలిగింది. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ముందు చెయ్యి పడేది పోపులపెట్టె మీదే కదా! కౌన్సిలు వాళ్లది పూర్తిగా తప్పని కూడా అనలేం. జీతాలివ్వాలి, రోడ్లు వేయాలి. కానీ అలా ఒకసారి తీసుకోవడం అలవాటైతే పెట్టెలో మెంతులు, ఆవాలే మిగులుతాయి.

జనానికి అప్పుడు తెలిసింది, పెట్టె ఉంటే చాలదు, దానికి తాళం ఉండాలని. ఆ తాళమే చార్టర్. 2010 ఎన్నికల్లో ఈ నిధిని చార్టర్‌లోకి ఎక్కించారు. కాకపోతే 2 శాతం కాదు, కనీసం 1 శాతం. సగానికి సగం తగ్గింది. సరేలే, వచ్చినకాడికి చాలు అని ఊరుకున్నారా? లేదు. 2012లో మళ్లీ ఓటు పెట్టించి, చార్టర్‌లోనే 2 శాతం చేయించుకున్నారు. దానితోపాటు కొన్న స్థలాల బాగోగులు చూడడానికి విడిగా పావు శాతం కూడా రాయించారు. ఆరేళ్లలో మూడుసార్లు అదే మాట మీద ఓటేశారు. ఒకే దారి కోసం మూడుసార్లు తలుపు కొట్టారన్నమాట.

కౌన్సిలుకు ఇప్పుడు ఆ డబ్బు ఆపాలంటే ముందు జనం దగ్గరికే రావాలి. ఓటు అడగాలి. నాకు ఇందులో ముఖ్యమని తోచిందేమిటంటే, హక్కు ఏ కాగితం మీద రాసుందనేది ఎంత అవసరమో, ఆ కాగితాన్ని ఎవరు చింపగలరు అనేదీ అంతే అవసరం. ఒక ఆఫీసరు చింపగలిగేది ఉత్తర్వు. ఒక కౌన్సిలు చింపగలిగేది చట్టం. అందరం కలిస్తే తప్ప చింపలేనిది చార్టర్.

నల్లకుండ ఉన్న చోటు

ఆ డబ్బుతో ఏం కొన్నారని అడగొచ్చు మీరు. బిగ్ ఐలాండ్ దక్షిణాన కావా అనే అఖాతం తీరం కొన్నారు. కవాయిలో హనలేయి తీరంలో ఒక పార్కు ఉంది, పేరు బ్లాక్ పాట్, అంటే నల్లకుండ. పూర్వం అక్కడ పెద్ద ఇనప కుండ ఉండేదట. పట్టిన చేపలు అందులో వండుకుని అందరూ కలిసి తినేవాళ్లు. ఆ కుండ పేరే బీచ్‌కు వచ్చింది. ఆ పార్కు పక్క స్థలాన్ని కౌంటీ ఈ నిధి సాయంతో తీసుకుని పార్కును పెద్దది చేసింది. అది చేతులు మారి విల్లాలు లేచి ఉంటే ఆ కుండ కథ చెప్పుకునే చోటు కూడా ఇరుకైపోయేది.

అంతా బంగారమేం కాదు

అక్కడంతా స్వర్గం అని చెబితే అబద్ధమవుతుంది. స్థలాలు కొనడానికి డబ్బు ఉంటుంది, వాటిని శుభ్రంగా ఉంచడానికి చాలదు. అందుకే ఆ పావు శాతం విడిగా రాయించాల్సి వచ్చింది. హోటళ్ల దగ్గర పార్కింగ్ చోటు తక్కువ. పొద్దున ఎనిమిది దాటితే నిండిపోయే చోట్లున్నాయి. కారు లేనివాళ్లకు ఆ దారి ఉన్నా లేనట్టే. చంటిపిల్లలున్న తల్లి, సామాను, నీళ్లు, గొడుగు పట్టుకుని మండే లావా రాళ్ల మీద కిలోమీటరు నడవగలదా?

ఇంకో తకరారు బయటివాళ్ల సంగతి. ఓహూ దీవిలో హనౌమా అఖాతం ఉంది, రంగురంగుల చేపలకు ప్రసిద్ధి. అక్కడ బయటినుంచి వచ్చినవాళ్లకు ప్రవేశ రుసుము ఉంది, 2021లో దాన్ని 25 డాలర్లు చేశారు. స్థానికులకు ఉచితం. యాత్రికుల తొక్కిసలాట నుంచి పగడపు దిబ్బల్ని కాపాడాలి కాబట్టి ఇది న్యాయమే అనేవాళ్లున్నారు. బీచ్‌కు ఎప్పుడైతే టికెట్ పెడతామో అప్పుడే అందరిదీ అన్న మాట పలచబడుతుంది అనేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే, వసూలైన డబ్బు ఆ బీచ్ కోసమే ఖర్చవుతుందా, ఆ లెక్క జనం చూడగలరా అనేదే గీటురాయి.

మన తీరం మాటేమిటి?

ఇంటికొచ్చాక మన చట్టాలు తిరగేశాను. పాత టీచరు బుద్ధి ఊరుకోదు కదా! ఆశ్చర్యమేమిటంటే మనకూ మంచి మాటలున్నాయి. 1991లో కేంద్రం తెచ్చిన తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు బీచ్ రిసార్టుల విషయంలో ఒక నియమం పెట్టింది. జనం సముద్రం దగ్గరికి పోవడానికి వీలుగా రెండు హోటళ్ల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున ఖాళీ వదలాలి. 2011లో, 2019లో ఉత్తర్వులు మారినా ఆ నియమం కొనసాగింది. 20 మీటర్లంటే ఎంతో తెలుసా? నాలుగు చీరలు వరసగా పరిస్తే దాన్ని కాస్త దాటతాయి. అంత వెడల్పు దారి మనకు రాసిపెట్టి ఉంది. అది ఎక్కడ ఉందో అడిగినవాళ్లం ఎంతమందిమి?

అడగాలంటే ఎవరిని అడగాలో కూడా తెలియదు. 1992లో ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఉన్నాయి. బీచ్ అనే మాట లేదు. విశాఖలో ఇసుక ఊడ్చేది ఒకరు, పక్కన పార్కు చూసేది ఇంకొకరు, పర్యాటకం పేరుతో పనులు చేసేది మరొకరు. ఆ పక్కనే పోర్టు. ఏ ఒక్కరినీ పట్టుకుని అడగలేం. పైగా 2012 నుంచి 2021 దాకా మహావిశాఖ నగరపాలక సంస్థకు ఎన్నికైన కౌన్సిలే లేదు. అధికారుల పాలనే. ఓటు వేసి ఎన్నుకున్న కార్పొరేటరు లేకపోతే వీధి దీపం గురించి అడగడానికే దిక్కు లేదు, ఇక సముద్రం దారి గురించి ఎవరికి చెప్పుకుంటాం?

2023 జూలైలో ఏం జరిగిందో గుర్తుందా? రుషికొండ బీచ్‌లోకి వెళ్లాలంటే మనిషికి 20 రూపాయలు కట్టాలని ప్రకటించారు. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచ్ అది, శుభ్రంగా ఉంచడానికి ఖర్చవుతుందన్నది కారణం. జనం ఒప్పుకోలేదు. ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. 20 రూపాయలు పెద్ద మొత్తమా అని కొందరన్నారు. నలుగురు పిల్లలు, అత్తమామలు ఉన్న ఇల్లాలు ఆటో చార్జీతో కలిపి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. జనం గొంతు ఎత్తారు కాబట్టి ఆగింది. కానీ అది మళ్లీ రాకూడదని ఎక్కడైనా రాసుందా? లేదు. ఒక ప్రకటనతో వచ్చింది, ఒక ప్రకటనతో పోయింది. హవాయి వాళ్లు 2009లో నేర్చుకున్న పాఠం సరిగ్గా ఇదే.

మన దగ్గర నగరపాలక చట్టాన్ని ఓటర్లు నేరుగా మార్చలేరు. అది శాసనసభ పని. కానీ మన చేతిలో ఏమీ లేదనుకోవడం కూడా సరికాదు. రాజ్యాంగం స్థానిక సంస్థల్లో కనీసం మూడోవంతు సీట్లు మహిళలకు ఇచ్చింది, మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. ఆ సీట్లలో కూర్చునే అక్కచెల్లెళ్లకు బీచ్‌లో లైటు లేకపోతే ఏమవుతుందో, మరుగుదొడ్డి లేకపోతే ఎంత అవస్థో ఒకరు చెప్పక్కర్లేదు. చేపలు ఎండబెట్టుకునే చోటు పోతే జాలరి ఆడవాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదనీ తెలుసు.

ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను కుళాయి గురించి, కాలువ గురించి అడిగినట్టే మూడు ప్రశ్నలు అడగండి. మన తీరంలో జనానికి వదిలిన దారులు ఎన్ని, వాటి పటం ఎక్కడుంది? ఆ దారి మొదట్లో "ఇది అందరికీ" అని తెలుగులో బోర్డు పెట్టిస్తారా? లైటుకు, మరుగుదొడ్డికి ప్రతి ఏటా బడ్జెట్‌లో విడిగా పద్దు రాయిస్తారా? సమాచార హక్కు చట్టం కింద మొదటి ప్రశ్నను కాగితం మీద పెట్టి, పది రూపాయల రుసుముతో మనమే పంపొచ్చు. పక్కింటి నలుగురినీ కలుపుకుని ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లి, రెండు హోటళ్ల మధ్య 20 మీటర్లు ఉన్నాయో లేవో కొలుచుకు రావొచ్చు. టేపు లేకపోతే నాలుగు చీరలు తీసుకెళ్లండి, సరిపోతుంది.